అమ్మీ అడ్డిగ: ఎవరి సొత్తు? ఎంత వెల?

బద్ర్ యుద్ధం ముగిసిన తరువాతి రోజులవి. బందీలను విడిపించుకొనేందుకు మక్కావాసులు పరిహారధనం పంపుతున్నారు. ఆ బందీలలో అబుల్ ఆస్ ఒకరు. ఆయన దైవప్రవక్త (సఅసం) పెద్ద కుమార్తె హజ్రత్ జైనబ్ (రజి) భర్త; అప్పటికింకా ఇస్లాం స్వీకరించలేదు. భర్త విడుదల కొరకు జైనబ్ (రజి) మక్కా నుండి పంపిన సొమ్ములో ఒక కంఠహారం ఉంది. అది ఆమె తల్లి హజ్రత్ ఖదీజా (రజి)ది. కుమార్తెను కాపురానికి పంపేటప్పుడు ఇచ్చినది. ఖదీజా (రజి) అప్పటికే ఇహలోకం వీడి కొన్నేళ్ళయింది. ఆ హారం కంటబడగానే దైవప్రవక్త (సఅసం) హృదయం కరిగిపోయింది.

అయినా ఆయన దానిని తీసి పక్కన పెట్టుకోలేదు. తిరిగి పంపివేయమని ఆజ్ఞాపించనూ లేదు. మీకు సమ్మతమైతే ఆమె బందీని విడిచి, ఆమె సొమ్మును ఆమెకే పంపండని సహచరులను అడిగారు. వారు అంగీకరించారు. అబూ దావూద్ హదీసు గ్రంథంలో నమోదైన ఈ ఉదంతాన్ని బోధించేటప్పుడల్లా మేము ఆ అడగడం దగ్గర కాసేపు ఆగుతాము. హారం మీది మమకారం ఒకటి, హారం మీది హక్కు మరొకటి. సాక్షాత్తూ దైవప్రవక్త (సఅసం) ఆ రెండింటినీ కలిపివేయలేదు. మన ఇండ్లలో మాత్రం తల్లి నగ పెట్టెలో నుండి బయటికి రాగానే ఆ రెండూ కలిసిపోతాయి.

కొన్ని నెలల క్రితం అసర్ నమాజు తరువాత పలమనేరు వైపు గ్రామం నుండి ఒక సోదరి మదరసాకు వచ్చారు. వితంతువు. కుట్టుమిషను మీద ఇల్లు గడుపుతూ కూతురిని నర్సింగు చదివిస్తున్నారు. చాలాసేపు మౌనంగా కూర్చుని, చివరికి ఒకే ప్రశ్న వేశారు. "హజ్రత్, అమ్మీ నగలు అమ్ముతున్నారు. అందులో నా వాటా అడిగితే నాకు పాపమా?"

"అడగవద్దని ఎవరైనా అన్నారా అమ్మా?" అని అడిగాము.

"ఎవరూ అనలేదు హజ్రత్. నా పెళ్ళికి భాయిజాన్ అప్పు చేశాడు. ఆయన ముఖం చూసి నేనే అడగలేకపోతున్నాను."

పాఠకులారా, ఈ ప్రశ్న ఆ ఒక్క సోదరిదే అయితే ఈ నెల దీని మీద కలం పట్టేవారము కాదు. చిత్తూరు, పుంగనూరు, తిరుపతి, మదనపల్లె ప్రాంతాలలో మేము ఎరిగిన కుటుంబాలలో ఆడపడుచు వాటా కోర్టులో పోయిన సందర్భాలకంటే మొహమాటంలో పోయినవే ఎక్కువ. దివ్యఖుర్ఆన్ నాలుగవ సూరా అన్నిసాలో అల్లాహ్ తల్లిదండ్రులు, సమీప బంధువులు విడిచిపోయిన సొత్తులో పురుషులకు వాటా ఉన్నట్లే స్త్రీలకూ వాటా ఉన్నదని, ఆ సొత్తు కొంచెమైనా ఎక్కువైనా అది నిర్ణీతమైన వాటా అని స్పష్టపరిచాడు. కొంచెమైనా అన్న ఆ మాట గమనించదగినది. పొలాలు, మేడలు ఉన్నవారికే వారసత్వ శాస్త్రం అనుకొనేవారు ఇంకా మనలో ఉన్నారు. ఒక జత జుమ్కీలు, ఒక వెండి పాజేబు మాత్రమే మిగిల్చిపోయిన తల్లికి కూడా వారసులుంటారు.

ఇక పెళ్ళి ఖర్చు సంగతి. పెళ్ళిలో పెట్టిపోతలు చేశాము కాబట్టి ఇక వాటా లేదు అనే మాట షరీఅత్‌లో ఎక్కడా లేదు. అన్న పెట్టిన ఖర్చు ఉపకారమైతే అల్లాహ్ దానికి ప్రతిఫలమిస్తాడు; అప్పుగా ఇచ్చి ఉంటే అది అప్పుగానే ఇరుపక్షాలూ అంగీకరించిన లెక్క అయి ఉండాలి. ఉపకారం చేసి, పదేళ్ళ తరువాత దానిని వాటాలో నుండి కోసుకోవడం మూడో రకం. దానికి ఫిఖ్హ్ గ్రంథాలలో మాకు పేరు దొరకలేదు.

మరుసటి జుమా నాడు ఆమె అన్నగారిని పిలిపించాము. మదనపల్లె మార్కెట్ నుండి టమోటాలు తోలే లారీ నడుపుతారు. సౌమ్యుడు, నమాజీ. చెల్లెలి హక్కు తినాలన్న తలంపు ఆయనకు కలలో కూడా లేదు. ఇల్లు కురుస్తోంది, అమ్మీ నగలు అమ్మి పైకప్పు వేయిద్దామని మాత్రమే అనుకున్నారు. అబ్బా జీవించే ఉన్నారు. తమ్ముడు కువైట్‌లో ఉన్నాడు. చెల్లెళ్ళు ఇద్దరు. లెక్క కాగితం మీద వేసి చూపించాము. ముందుగా మృతురాలి అంత్యక్రియల ఖర్చు, తరువాత ఆమె అప్పులు, ఆ తరువాత ఆమె చేసిన వసీయత్ ఉంటే మూడో వంతుకు మించకుండా అది. మిగిలినదానిలో, సంతానం ఉన్నది కాబట్టి, భర్తకు నాలుగో వంతు. తక్కినది కొడుకుకు రెండు భాగాలు, కూతురికి ఒక భాగం చొప్పున. మొత్తాన్ని ఎనిమిది పాళ్ళు చేస్తే తండ్రికి రెండు, కొడుకులిద్దరికీ చెరి రెండు, కూతుళ్ళకు చెరొకటి.

కాగితం చూసి ఆయన మొదట అన్న మాట మమ్మల్ని ఆశ్చర్యపరచలేదు: "అబ్బాకు కూడానా హజ్రత్?" తల్లి నగలు పిల్లలవే అని మనవారి భావన. భార్య చనిపోయిన వృద్ధుడు ఆ లెక్కలో ఎవరికీ గుర్తురాడు. మంచం మీద ఉన్న తండ్రి మందులకు కొడుకులు చేయి చాచనివ్వకుండా తన సొమ్ము తనకుండటం ఎంత గౌరవమో ఆలోచించండి.

అంతలో మరొక చిక్కు బయటపడింది. నగలలో ముఖ్యమైనది వారి నానీ కాలం నాటి కెంపుల అడ్డిగ. అది పెద్ద కూతురికే ఇస్తానని అమ్మీ పలుమార్లు అన్నదట. ఇలాంటి మాటలు ప్రతి ఇంటా ఉంటాయి. తల్లి బ్రతికుండగా నగను ఇచ్చివేసి, కూతురు దానిని తన స్వాధీనంలోకి తీసుకుంటే అది హిబా, అంటే కానుక. ఆ నగ ఇక తల్లి ఆస్తిలో లేదు, పంపకానికి రాదు. నా తరువాత నీదే అని మాత్రం అని, నగ తల్లి పెట్టెలోనే ఉండిపోతే అది వసీయత్ అవుతుంది. వారసురాలికి చేసిన వసీయత్ తక్కిన వారసులు తల్లి మరణానంతరం మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే చెల్లుతుంది. ఒక్కరు ఒప్పుకోకపోయినా వారి వాటా మేరకు చెల్లదు. అడ్డిగ పెట్టెలోనే ఉంది. పెద్ద చెల్లెలు సంగతి తెలుసుకొని, అమ్మీ మాట నాకు చాలు, నగ అందరిదీ అన్నదట. అల్లాహ్ ఆమెకు మేలు చేయుగాక.

ఇంతవరకు ఎవరిది అన్న ప్రశ్న. ఎంత అన్న ప్రశ్న అప్పుడు మొదలైంది.

అన్నగారు అప్పటికే పరిచయస్థుడైన ఒక నగల వ్యాపారికి అడ్డిగను చూపించి ఉన్నారు. వ్యాపారి తూచి, రాళ్ళూ లక్కా ఉజ్జాయింపుగా తీసివేసి, పాత బంగారమని చెప్పి తరుగు ఇరవై శాతం కోసి, ఒక మొత్తం చెప్పాడు. అన్నగారు సరేననబోయారు. "తెలిసినవాడు హజ్రత్, మోసం చేయడు" అన్నారు. మేము ఆయనను అడిగాము: "మీరు రోజూ మార్కెట్‌లో దిగగానే మొదట ఏమి చేస్తారు?" "ఆ రోజు బాక్సు ధర ఎంత పలుకుతోందో నాలుగు మండీలలో కనుక్కుంటాను" అన్నారు. టమోటాకు చేసేది నానీ నగకు చేయలేదు!

సరకు తెచ్చే బిడారులను నగరం బయటనే ఎదుర్కొని, మార్కెట్ ధర తెలియకముందే వారి వద్ద కొనివేయడాన్ని దైవప్రవక్త (సఅసం) వారించారు. అలా అమ్మినవాడు మార్కెట్‌కు చేరి అసలు ధర తెలుసుకుంటే బేరాన్ని రద్దు చేసుకొనే హక్కు అతనికి ఉన్నదని ముస్లిం గ్రంథంలోని హదీసు చెబుతుంది. ధర తెలియనివాడి అజ్ఞానం కొనేవాడికి లాభం కాకూడదన్నది దాని ఆంతర్యం. నగ విషయంలో ఆ అజ్ఞానం ఇంకా లోతైనది. టమోటా కంటికి కనిపిస్తుంది. పాత నగలో బంగారమెంతో బయటికి కనిపించదు.

సరిగ్గా ఇటువంటి నగ గురించే ఒక హదీసు ఉంది. ఖైబర్ నాడు హజ్రత్ ఫజాలా బిన్ ఉబైద్ (రజి) బంగారమూ పూసలూ కలిసి ఉన్న ఒక హారాన్ని 12 దీనార్లకు కొన్నారు. తరువాత బంగారాన్ని విడదీసి చూస్తే అది 12 దీనార్లకంటే ఎక్కువే తేలింది. ఆయన ఆ సంగతి విన్నవించగా, విడదీయకుండా అటువంటిదానిని అమ్మరాదని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. ఇది ముస్లిం గ్రంథంలో ఉంది. అక్కడ బంగారు హారాన్ని బంగారు నాణేలతో కొన్నారు కాబట్టి హెచ్చుతగ్గులు వడ్డీ కిందికి వస్తాయి. నేడు రూపాయలకు అమ్మేటప్పుడు ఆ నిబంధన అదే రూపంలో వర్తించదని ఉలమాల వివరణ. ఆ తేడా చెప్పకుండా జనాన్ని భయపెట్టడం మాకు ఇష్టం లేదు. కానీ ఆ హారంలో ఎంత బంగారం ఉన్నదో అమ్మినవాడికీ కొన్నవాడికీ తెలియదన్న వాస్తవం పద్నాలుగు శతాబ్దాల తరువాత పలమనేరు అడ్డిగకు అక్షరాలా వర్తిస్తుంది.

మన ప్రాంతపు పాత నగల నిర్మాణం ఎరిగినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. అడ్డిగలు, జుమ్కీలు, వంకీలు చాలావరకు లోపల బోలుగా చేసి లక్క నింపినవి. రాళ్ళను లక్క మీద కూర్చి చుట్టూ పలుచని బంగారు రేకుతో బిగిస్తారు. అతుకులకు వాడిన టంకంలో ఇతర లోహాలుంటాయి కనుక మొత్తం కరిగిస్తే మచ్చు తగ్గుతుంది. కాబట్టి వ్యాపారి కొంత తగ్గింపు చేయడం అన్యాయం కాదు. ఎంత తగ్గింపు అన్నది కొలిచి చెప్పాలి గాని, కంటితో చూసి చెప్పకూడదు.

ఒక ఊహాలెక్క చూడండి. నగ మొత్తం బరువు 48 గ్రాములు. రాళ్ళు, లక్క విప్పి తూచగా పోయినది 12 గ్రాములు. మిగిలిన బంగారం 36. పరీక్షలో మచ్చు వెయ్యికి 880 వచ్చింది, అంటే స్వచ్ఛమైన బంగారం 31.68 గ్రాములు. గ్రాము స్వచ్ఛమైన బంగారం పది వేల రూపాయలనుకుంటే విలువ 3,16,800. ఇప్పుడు విప్పకుండా బేరం చేసిన పద్ధతి. రాళ్ళకూ లక్కకూ ఉజ్జాయింపుగా 15 గ్రాములు తీసివేస్తే 33. అందులో ఇరవై శాతం తరుగు పోతే 26.4. దానికి 22 క్యారెట్ల రేటు 9,160 చొప్పున కడితే 2,41,824. తేడా దాదాపు 75 వేలు. ఇందులో ఎవరూ తప్పుడు తూకం వేయలేదు, ఎవరూ అబద్ధమాడలేదు. రాళ్ళు మాత్రం అంగడిలోనే ఉండిపోయాయి. కరిగింపు ఖర్చు, వ్యాపారి లాభం పోగా మొదటి లెక్కలోని మొత్తమంతా చేతికి రాదు, నిజమే. అయినా ఆ సోదరి ఎనిమిదో పాలులో ఆ తేడా తొమ్మిది వేలకు పైమాటే.

తిరుపతికి వెళ్ళి పరీక్ష చేయించమన్నాము. భారత ప్రమాణాల సంస్థ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రాలలో సామాన్య వినియోగదారులు కూడా తమ నగలను పరీక్ష చేయించుకోవచ్చునని 2022లో వెసులుబాటు ఇచ్చారు. నాలుగు నగల వరకు రుసుము 200 రూపాయలు అని అప్పుడు నిర్ణయించారు. అక్కడ ఇచ్చే నివేదికను చేతబట్టుకొని అంగడి మెట్లెక్కడం వేరు, వట్టి చేతులతో ఎక్కడం వేరు. అంగళ్ళలోని ఎక్స్‌రే యంత్రం పైపొరను మాత్రమే చదువుతుందని, మెరుగు పెట్టిన పాత నగలలో అది మనకు అనుకూలంగానో ప్రతికూలంగానో పొరపడవచ్చునని గుర్తుంచుకోవాలి. పూర్వం గీటురాయి మీద గీసి చూసేవారు. అనుభవజ్ఞుడి చేతిలో అదీ తక్కువది కాదు.

అమ్మకానికి హాల్‌మార్క్ లేదన్న సాకు చెప్పి ధర తగ్గించేవారున్నారు. హాల్‌మార్క్ నిబంధన నగలు అమ్మే వ్యాపారులకు 2021 జూన్ నుండి దశలవారీగా తప్పనిసరి అయింది. ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య 2023 ఏప్రిల్ 1 నుండి తప్పనిసరి అయింది. ఇంట్లో ఉన్న పాత నగకు ముద్ర లేకపోవడం నేరమూ కాదు, లోపమూ కాదు. అది తయారైననాడు ఆ ముద్రే లేదు!

కొలతల పేర్ల దగ్గర కూడా మెలకువ అవసరం. మన చిత్తూరు వైపు తమిళనాడు అలవాటు ప్రకారం సవరను అంటే 8 గ్రాములు. తులం అంటే కొందరికి 10 గ్రాములు, పాత లెక్కలో 11.66. ముత్తవ్వ చీటీలో నాలుగు తులాలు అని ఉంటే అది ఏ తులమో! కాబట్టి గ్రాములలోనే మాట్లాడండి. కాసులపేరులోని కాసులు నిజమైన బ్రిటిషు సవరన్లయితే ఒక్కొక్కటి దాదాపు 7.99 గ్రాములు, 22 క్యారెట్లు. వాటిని కరిగించవద్దు, నాణెంగానే అడిగేవారుంటారు. రాళ్ళ విషయంలో మాత్రం ఆశ తగ్గించుకోవాలి. ఎర్రగా మెరిసేదంతా మాణిక్యం కాదు. కృత్రిమంగా కెంపులు తయారుచేసే విధానం 1902లోనే వెలుగులోకి వచ్చింది. నానీల కాలపు నగలలో అటువంటివీ, గాజు రాళ్ళూ పుష్కలం. ఏదైనా వాటిని విప్పించి వెనక్కి తీసుకోవడం మన హక్కు.

పాత నగ ఇచ్చి కొత్తది తీసుకోవడం మన ఇండ్లలో మరింత సామాన్యం. ఇందులో షరీఅత్ దృష్ట్యా జాగ్రత్త ఎక్కువ. హజ్రత్ బిలాల్ (రజి) ఒకసారి మేలిరకం ఖర్జూరాలు తెచ్చారు. నాసిరకం రెండు కొలతలు ఇచ్చి మేలిరకం ఒక కొలత తీసుకున్నానని చెప్పగా, ఇది అచ్చమైన వడ్డీయేనని దైవప్రవక్త (సఅసం) వారించి, నాసిరకాన్ని ధరకు అమ్మి ఆ ధరతో మేలిరకాన్ని కొనాలని నేర్పారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటా ఉన్న హదీసు ఇది. బంగారానికి బంగారం మారేటప్పుడు సమాన తూకం, చేతికి చేయి అన్న షరతు ఇంకా కఠినం. నలభై గ్రాముల పాతది ఇచ్చి ముప్పై గ్రాముల కొత్తది తెచ్చుకుంటే ఆ షరతు భగ్నమైనట్లే. మార్గం సులభమే: పాత నగను రూపాయలకు అమ్మండి, సొమ్ము చేతికి గాని బ్యాంకు ఖాతాకు గాని రానివ్వండి, ఆపైన అదే అంగడిలోనో మరో అంగడిలోనో కొత్తది కొనండి. విచిత్రమేమంటే ఇలా విడివిడిగా చేసినప్పుడే మన పాత నగకు ఎంత కట్టారో, కొత్త నగకు మజూరీ ఎంత వేశారో స్పష్టంగా కనిపిస్తుంది.

విప్పి తూచడమే ఎల్లప్పుడూ న్యాయమని కాదు. కొన్ని నగలకు కరిగించిన బంగారం ధరకంటే నగగా ధర ఎక్కువ. సూక్ష్మమైన నగిషీ పని, అసలైన బస్రా ముత్యాలు, సానపట్టని పాతకాలపు రవ్వలు ఉంటే కరిగించకముందే హైదరాబాదులోనో చెన్నైలోనో అటువంటివి ఎరిగిన ఇద్దరు ముగ్గురికి చూపించాలి. ఇందుకు మన రాష్ట్రాల చరిత్రలోనే పెద్ద ఉదాహరణ ఉంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన వంశపు నగలను 1951, 1952 సంవత్సరాలలో రెండు ట్రస్టుల కింద ఉంచారు. ఆయన 1967లో మరణించిన తరువాత వాటి అమ్మకం, ధర విషయంలో వ్యవహారం ఏళ్ళ తరబడి సాగి, చివరకు 1995లో భారత ప్రభుత్వం 173 నగలను సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది. వాటిలోని జాకబ్ వజ్రం 184.75 క్యారెట్లు, అంటే దాదాపు 37 గ్రాములు. తండ్రి పాదరక్షలో దొరికిన ఆ వజ్రాన్ని నిజాం కాగితాల మీద బరువుగా వాడేవారని చెబుతారు. విలువ తెలియనివారికి అది నిజంగానే బరువు రాయి. అంత సొత్తు, అందరు న్యాయకోవిదులు ఉన్న వంశంలోనే ధర తేలడానికి అన్నేళ్ళు పట్టింది. ఒక్క మధ్యాహ్నంలో తేల్చుకోవాలని మనకెందుకు తొందర?

కువైట్‌లోని తమ్ముడు, ఇక్కడికి పంపండి, మంచి ధర వస్తుంది అన్నాడట. వందేళ్ళు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని 1972 నాటి చట్టం నిషేధిస్తుంది. నానీ నగ ఏ కాలం నాటిదో రుజువు లేనప్పుడు ఆ సాహసం వద్దన్నాము. పన్నుల సంగతి ముక్తసరిగా చెబుతాము. ఇంటివారు తమ పాత నగను వ్యాపారికి అమ్మితే వారిపై జీఎస్టీ ఉండదు. లాభం మీద ఆదాయపు పన్ను లెక్క ఉంటుంది; వారసత్వపు నగకు పూర్వ యజమాని కొన్న ధర, అది 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆనాటి విలువ ఆధారం కావచ్చు. పెద్ద మొత్తమైతే ఆడిటరును అడగండి. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం చట్టరీత్యా కుదరదు. బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. అది మనకే మేలు, వాటాలు పంచేటప్పుడు లెక్క నిలుస్తుంది.

ఇక్కడ మన వ్యాపారి సోదరులతో ఒక మాట. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) వృత్తిరీత్యా బట్టల వర్తకులు. ఒక స్త్రీ పట్టువస్త్రం తెచ్చి వంద దిర్హములకు కొనమన్నదని, ఇది అంతకంటే విలువైనదని ఇమామ్ చెప్పగా ఆమె వంద చొప్పున పెంచుతూ నాలుగు వందలకు వచ్చిందని, ఇంకా ఎక్కువేననగా తనను పరిహసిస్తున్నారనుకొన్నదని, చివరకు మరొకరిని పిలిపించి వెల కట్టించి ఐదు వందలకు కొన్నారని ఆయన జీవిత చరిత్రకారులు వ్రాశారు. ఆ ఉదంతం చదివి సుబ్హానల్లాహ్ అంటాము. అంగట్లో కూర్చున్నప్పుడు ఎవరికీ గుర్తు రాదు. తిరుపతిలో మాకు తెలిసిన ఒక విశ్వకర్మ వృత్తికారుడు ఉన్నారు. రాళ్ళు విప్పేటప్పుడు కాగితం పరిచి, రాలిన బంగారు పొడిని కూడా తూచి ఇస్తారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) పేరు ఆయన విని ఉండకపోవచ్చు.

అమ్మడమెందుకు, కుదవ పెట్టవచ్చు కదా అని అడిగేవారికి మా సమాధానం ఒక్కటే. మమకారం కొద్దీ నగను కుదవ పెట్టి, వడ్డీ కట్టలేక, వేలం నోటీసు వచ్చిన తరువాత మా వద్దకు వచ్చినవారిని చూశాము. వడ్డీ నిషిద్ధమన్నది మొదటి మాట. నగ ఎలాగూ చేయి దాటిపోతుందన్నది రెండవది. పంచుకున్న వాటా ఎవరి చేతికి వస్తే వారి జకాత్ లెక్కలోకి అది చేరుతుంది. హనఫీ మతం ప్రకారం 87.48 గ్రాముల బంగారం, లేక 612.36 గ్రాముల వెండి నిసాబ్. రాళ్ళకు జకాత్ లేదు.

ఆ కుటుంబం అసలు అంకెలను వెల్లడించడం సబబు కాదు. తిరుపతిలో పరీక్ష చేయించి, మూడు అంగళ్ళు తిరిగి, మొదటి పరిచయస్థుడి వద్దకే నివేదికతో వెళ్ళారు. ఆయన కాగితం చూసి, లెక్క మళ్ళీ వేసి, మొదట చెప్పినదానికంటే బాగా ఎక్కువే ఇచ్చాడని విన్నాము. సొమ్ము ఎనిమిది పాళ్ళయింది. ఇంటి పైకప్పుకు అబ్బా తన రెండు పాళ్ళలో ఒకటి తానే ఇచ్చారు. చిన్న చెల్లెలి పాలు ఆమె కూతురి కళాశాల రుసుముకు చేరింది.

అడ్డిగలోని కెంపులలో ఎక్కువ భాగం కృత్రిమమైనవని తేలింది. వెల లేనివి. అన్నగారు వాటిని జేబురుమాలులో మూటగట్టి తెచ్చి, మదరసా వరండాలోనే చెల్లెలి చేతికివ్వబోయారు. ఆమె చేయి చాచలేదు. "వీటిలోనూ వాటాలుంటాయా హజ్రత్?" అని అడిగారు. ఉంటాయమ్మా అన్నాము. అన్నగారు నవ్వి, అక్కడే నిలబడి కువైట్‌కు ఫోను కలిపారు. తరువాత పెద్ద చెల్లెలికి. ఆ తరువాత ఇంటికి చేసి అబ్బాను పిలిపించారు. ముసలాయనకు వినిపించక మూడుసార్లు చెప్పవలసి వచ్చింది. అందరూ ఒప్పుకున్న తరువాతనే ఆమె ఆ మూటను తన సంచిలో వేసుకున్నారు.